రోమను కామందులు నెమలికి పెట్టిన మేత

నెమలి పుట్టిల్లు భారత ఉపఖండమే అయినా, దానికి ఏ వయసులో ఏ గింజ పెట్టాలో, ఏ ఋతువులో ఎంత కొలవాలో లెక్కగా రాసిపెట్టిన పాత గ్రంథాలలో ముందు వరుసలో నిలిచేవి రోమనుల వ్యవసాయ గ్రంథాలు. క్రీ.పూ. 37లో వర్రో రాసిన గ్రంథంలోని మూడవ భాగమూ, సుమారు ఒక శతాబ్దం తరువాత, స్పెయిన్‌లోని గాడెస్‌లో పుట్టి ఇటలీలో భూములు సాగు చేసిన కొలుమెల్లా రాసిన గ్రంథంలోని ఎనిమిదవ భాగమూ ఇందుకు ప్రధాన ఆధారాలు. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు, నెమలి మేతను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దినది పక్షి మీది ముచ్చట కాదనీ, దాని మీద వచ్చే రాబడేననీ స్పష్టమవుతుంది.

గ్రీకులకు నెమలి చూడముచ్చటైన వింత మాత్రమే. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సులో ఆ నగర నాయకుడు పెరిక్లీజుకు స్నేహితుడైన పిరిలాంపెస్ పెంచిన నెమళ్లను నెలకొకసారి, మొదటి రోజున, జనానికి చూపేవారు; స్పార్టా నుంచి, థెస్సలీ నుంచి కూడా వాటికోసం మనుషులు వచ్చేవారు. అరిస్టాటిల్ ఈ పక్షి సుమారు పన్నెండు గుడ్లు పెడుతుందనీ, పొదిగేందుకు ముప్పై రోజులో అంతకు కాస్త ఎక్కువో పడుతుందనీ, మగ నెమలి గుడ్లను పగలగొట్టే అలవాటు వల్ల వాటిని కోడి కింద పెడతారనీ నమోదు చేశాడు.

రోములో కథ మారింది. వక్తగా పేరుపొందిన హొర్టెన్సియస్ పురోహిత పదవిలో చేరిన సందర్భంగా ఇచ్చిన విందులో మొదటిసారి నెమలి మాంసం వడ్డించాడు. వంటకు నెమలిని కోయడం రోమనులు కొత్తగా కనిపెట్టినదేమీ కాదు; అంతకు రెండు శతాబ్దాల ముందే, కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ కనిపించే అశోకుని మొదటి శిలాశాసనం, రాజు వంటశాలలో జంతువధ తగ్గించిన తరువాత కూడా రోజుకు రెండు నెమళ్లూ ఒక జింకా కోస్తున్నారనీ, ఇకపై వాటినీ కోయబోరనీ ప్రకటించింది. రోమనుల ప్రత్యేకత, కోయడం కోసం నెమలిని మందలుగా పెంచి, బలిపించి, అమ్మడంలో ఉంది. రోమను రచయిత ప్లినీ చెప్పిన ప్రకారం, సముద్రపు దొంగలపై చివరి యుద్ధం జరిగిన కాలంలో ఔఫిడియస్ లుర్కో అనే కామందు నెమళ్లను బలిపించే పని మొదలుపెట్టి, ఏటా 60,000 సెస్టెర్షియస్‌ల రాబడి తీశాడు. సెస్టెర్షియస్ అంటే డినారియస్ అనే వెండి నాణెంలో నాలుగో వంతు. వర్రో నాటికి ఒక గుడ్డు 5 డినారియస్‌లకు, ఎదిగిన పక్షి 50కి అమ్ముడుపోయేవి. ఆ రోజుల్లో సామాన్య సైనికుడి ఏడాది జీతం 225 డినారియస్‌లు మాత్రమే. నూరు పక్షుల మంద సులువుగా 40,000 సెస్టెర్షియస్‌లు ఇస్తుందని వర్రో లెక్క కట్టాడు. లాభానికైతే మగవాటిని తక్కువగా ఉంచాలి, వేడుకకైతే అందమైన మగవాటినే ఎక్కువగా ఉంచాలి అన్న అతని సలహా, రెండు రకాల యజమానులనూ ఎరిగిన మనిషి మాట.

పెద్ద పక్షికి ప్రధానమైన మేత యవలు, అంటే బార్లీ గింజలు. సేయస్ అనే కామందు ఒక్కో పక్షికి నెలకు ఒక మోడియస్ చొప్పున కొలిచేవాడనీ, జతకట్టే కాలానికి ముందు కొలత పెంచేవాడనీ వర్రో రాశాడు. మోడియస్ అంటే సుమారు 8.7 లీటర్ల ధాన్యపు కొలత. ఆ లెక్కన రోజుకు పావు లీటరు పైచిలుకు గింజలన్నమాట. ఇటలీ తీరపు చిన్న దీవుల్లో వదిలితే పక్షులు చాలావరకు తమ తిండి తామే వెతుక్కుంటాయనీ, పైగా దొంగల బెడద, క్రూరమృగాల భయం ఉండవనీ కొలుమెల్లా అంటాడు. చలికాలం వెళ్లిపోయే వేళకు అతడు మేత మారుస్తాడు. నులివెచ్చని బూడిదలో కాస్త వేయించిన పెద్ద చిక్కుడు గింజలను, ఐదు రోజులకొకసారి, వేడి తగ్గకముందే, పక్షికి ఆరు కియాథస్‌లు, అంటే పావు లీటరుకు కొద్దిగా ఎక్కువ, పెట్టమంటాడు. ఇది జతకట్టే కోరికను రేపుతుందని అతని నమ్మకం. ఇందులో పనికొచ్చేది వేడి కాదనీ, బార్లీలో ఉన్నదానికి రెట్టింపుకు మించి ఆ గింజల్లో ఉన్న మాంసకృత్తులనీ నేటి పోషణశాస్త్రం చెబుతుంది. గుడ్లు పెట్టే కాలంలో పక్షికి మాంసకృత్తులు పెంచడం నేటి పెంపకందార్ల పద్ధతి కూడా.

అయితే కొలుమెల్లా నేర్పంతా పిల్లల మేతలో కనిపిస్తుంది. పొదగడం నాటుకోడి పని. ఐదు నెమలి గుడ్లు, నాలుగు కోడిగుడ్లు దాని కింద పెట్టి, పదో రోజున కోడిగుడ్లను తీసి కొత్తవి చేరిస్తే ముప్పయ్యో రోజుకు రెండు జాతుల పిల్లలూ కలిసి బయటికొస్తాయి. పెద్ద గుడ్లను కోడి తిప్పలేదు గనుక కాపలాదారు ఒకవైపు సిరా గుర్తు పెట్టి తానే తిప్పుతుండాలి. పుట్టిన పిల్లలకు ద్రాక్షసారా చిలకరించిన బార్లీ పిండి, లేదా ఏదైనా ధాన్యంతో కాచి చల్లార్చిన జావ. కొన్నాళ్లకు సన్నగా తరిగిన లీక్ అనే ఉల్లిజాతి కూర, గట్టిగా పిండిన మెత్తని చీజ్. పాలవిరుగుడు నీరు పిల్లలకు హాని చేస్తుందని అతడు ప్రత్యేకంగా హెచ్చరించాడు. వీటికి తోడు కాళ్లు తుంచిన మిడతలు. ఆరో నెల వరకు ఈ మేత, ఆ తరువాత చేతితో వేసే బార్లీ చాలు. ముప్పై అయిదు రోజులు దాటాక పెంపుడు తల్లిని గంపలో పెట్టి పొలానికి మోసుకెళ్లి, కాలికి పొడవైన తాడు కట్టి వదిలితే, పిల్లలు దాని చుట్టూ తిరుగుతూ కడుపునిండా మేసి, సాయంత్రానికి దాని పిలుపు వెంటే ఇంటికి చేరేవి.

ఈ పట్టికలో ఒక్క మాట కూడా పోషకాల గురించి లేదు. అయినా నేడు నెమలి పిల్లలకు తొలి వారాల్లో టర్కీ కోడిపిల్లలకు వాడే, సుమారు 28 శాతం మాంసకృత్తులున్న దాణా పెట్టేవారు చేస్తున్నదీ అదే. పన్నెండు శాతం దగ్గర ఆగిపోయే బార్లీతో పిల్ల ఎదగదని అనుభవం నేర్పింది. మిడత, చీజ్ ఆ లోటు పూడ్చాయి. మరొక జాగ్రత్తకు కొలుమెల్లా చెప్పిన కారణం మాత్రం నవ్వు తెప్పిస్తుంది: సొంత పిల్లలున్న ఇతర కోళ్లను అక్కడ మేపకూడదట, ఎందుకంటే నెమలి పిల్లల సైజూ సొగసూ చూసి అవి తమ పిల్లలను ఏవగించుకుని వదిలేస్తాయట. నేడు కోళ్లను నెమళ్లకు దూరంగా ఉంచేది వేరే కారణానికి. కోడి పేగుల్లోని ఒక పురుగు గుడ్ల ద్వారా వ్యాపించే బ్లాక్‌హెడ్ అనే వ్యాధి కోడిని పెద్దగా బాధించకపోయినా నెమలి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నాటుకోడినే పెంపుడు తల్లిగా వాడిన రోమనులు ఆ ముప్పును చేజేతులా తెచ్చుకున్నారనే చెప్పాలి.

రోమను సామ్రాజ్యం అంతరించాక కూడా ఈ పక్షి దొరల పెరళ్లలో నిలిచింది. ఫ్రాంకుల రాజు షార్లమేన్ కాలపు రాజశాసనం రాచ ఎస్టేట్లలో అలంకారం కోసం నెమళ్లను ఉంచమని ఆదేశించింది. 16వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన టర్కీ కోడి విందు బల్ల మీద దాని స్థానాన్ని ఆక్రమించడంతో, ఐరోపాలో నెమలి మళ్లీ చూసేందుకు పెంచే పక్షిగా మిగిలింది. దాని జన్మభూమిలో పరిస్థితి వేరు: 1963లో జాతీయ పక్షిగా ప్రకటించిన నెమలి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉంది గనుక, దానిని పట్టి ఇంట్లో పెంచడం భారతదేశంలో శిక్షార్హమైన నేరం.