ఉద్యోగశిక్షణ చిత్రాల ఎంపిక: కర్మాగారం నుండి కళాశాల వరకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
సిబ్బంది శిక్షణకు చలనచిత్రాన్ని, ఆ తరువాత వీడియోను ఎంచుకునే ప్రమాణాలు 1940ల నుండి నేటి వరకు ఎలా మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమెరికా యుద్ధకాలపు శిక్షణచిత్రాలు, బ్రిటన్‌లోని వీడియో ఆర్ట్స్ సంస్థ హాస్యచిత్రాలు, భారతదేశపు ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగం ప్రధాన ఆధారాలు. చిత్రం ఎంత బాగుందన్న ప్రశ్నకన్నా, దాని చుట్టూ ఏ పని జరుగుతుందన్న ప్రశ్నే ఎంపికకు కీలకమని ఇందులో ప్రతిపాదన.

కీలకపదాలు: శిక్షణచిత్రం, వృత్తినైపుణ్యం, ఉపాధ్యాయశిక్షణ, సైట్, మాధ్యమం, మూల్యాంకనం.

1. ఉపోద్ఘాతం

కర్మాగారంలోకి సినిమా కెమెరా మొదట పనివాణ్ణి కొలవడానికి వచ్చింది. ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1910లలో శ్రామికుల చేతికదలికలను చిత్రీకరించి, చట్రంలోనే ఒక గడియారాన్ని ఉంచి, ఏ కదలిక వృథాయో లెక్కగట్టారు. పనివాడు ఆ చిత్రాలకు వస్తువే తప్ప ప్రేక్షకుడు కాడు. తరువాతి దశాబ్దాలలో అతనిని ప్రేక్షకుడిగా కూర్చోబెట్టారు. కానీ ఏది చూడాలో నిర్ణయించే అధికారం మాత్రం అతనికి చేరలేదు. శిక్షణచిత్రాల చరిత్రను నిర్మాతల చరిత్రగా చదవడం సాధారణం. దానిని ఎంపికదారుల చరిత్రగా చదివితే వేరొక క్రమం కనిపిస్తుంది.

2. యుద్ధకాలపు ప్రమాణం

రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా ఓడల రేవులకు, విమాన కర్మాగారాలకు అనుభవం లేని స్త్రీపురుషులు లక్షల సంఖ్యలో వచ్చారు. లేతు యంత్రం ముందు ఎప్పుడూ నిలబడనివారికి వారాల వ్యవధిలో పని నేర్పాలి. నేర్పగల పాత మేస్త్రీలు కొద్దిమందే. ఈ ఒత్తిడిలో అమెరికా విద్యాకార్యాలయం 1941 నుండి 1945 వరకు 457 శిక్షణచిత్రాలను తయారు చేయించింది. సంఖ్యకన్నా గమనించవలసింది వాటి కూర్పు. చిత్రంతోపాటు ఫిల్మ్‌స్ట్రిప్, బోధకునికి కరదీపిక కూడా ఒకే కట్టగా వెళ్లేవి. చిత్రం చూపిన తరువాత స్థిరచిత్రాలను ఆపి ఆపి చర్చించాలి, ఆపైన యంత్రం దగ్గరకు వెళ్లాలి. చిత్రం ఒక్కటే పని నేర్పదన్న గ్రహింపు ఆ కట్ట నిర్మాణంలోనే ఉంది.

ఈ శ్రేణిలో యంత్రాలతోపాటు మనుషులను నడిపించడం గురించిన చిత్రాలూ ఉన్నాయి. 1944లో వచ్చిన ‘సూపర్వైజింగ్ విమెన్ వర్కర్స్’ వాటిలో ఒకటి. కర్మాగారానికి కొత్తగా వచ్చిన స్త్రీలతో ఎలా మెలగాలో పురుషుడైన ఫోర్‌మన్‌కు చెప్పడం దాని ఉద్దేశం. స్త్రీలు ఆ చిత్రానికి విషయం, ఫోర్‌మన్ ప్రేక్షకుడు. ఆ స్త్రీలను అడిగి ఉంటే వారు ఎంచుకునే విషయాలు బహుశా వేరుగా ఉండేవి. గిల్‌బ్రెత్ కెమెరా ముందు నిలబడిన పనివాని స్థానం ఇక్కడ మరొకరికి దక్కింది.

ఎంపికకు శాస్త్రీయమైన ఆధారాన్ని ఇచ్చింది సైన్యం. ఫ్రాంక్ కాప్రా పర్యవేక్షణలో తయారైన ‘వై వుయ్ ఫైట్’ చిత్రాలను సైనికులకు చూపి, వాటి ప్రభావాన్ని కార్ల్ హావ్‌లాండ్, ఆర్థర్ లమ్స్‌డెయిన్, ఫ్రెడ్ షెఫీల్డ్ పరిశీలించారు. 1949లో గ్రంథరూపంలో వచ్చిన ఫలితాలు నిర్మాతలకు రుచించేవి కావు. చిత్రం చూసినవారికి వాస్తవాలు బాగా తెలిశాయి. అభిప్రాయాలు కొద్దిగానే మారాయి. పోరాడాలన్న సంకల్పంలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. అంటే సమాచారం ఇవ్వడానికి పనికొచ్చిన చిత్రం వైఖరిని మార్చడానికి పనికిరాలేదు. ఈ రెండింటి భేదాన్ని నేటికీ చాలా సంస్థలు కొనుగోలు సమయంలో గుర్తించడం లేదు.

అదే గ్రంథంలోని మరొక ప్రయోగం తరగతిగదికి ఇంకా దగ్గరగా ఉంటుంది. సైనిక సంకేతాక్షరాలను నేర్పే ఫిల్మ్‌స్ట్రిప్‌ను ఒక బృందం ఊరకే చూసింది. రెండవ బృందం తెరమీద అక్షరం కనపడగానే దాని సంకేతనామాన్ని బిగ్గరగా పలికింది. పలికినవారు మెరుగ్గా నేర్చుకున్నారు. నేర్చుకోవాలన్న ఆసక్తి తక్కువగా ఉన్నవారిలో ఆ మేలు మరింత ఎక్కువగా కనిపించింది. చిత్రం మారలేదు, చూసేవారి పని మారింది. శిక్షణకు బలవంతంగా రప్పించిన ఉద్యోగుల విషయంలో ఈ ఫలితానికి ఉన్న విలువ వేరే చెప్పనక్కరలేదు.

3. నవ్వు ప్రవేశించిన కాలం

1972లో బ్రిటన్‌లో వీడియో ఆర్ట్స్ సంస్థ ఏర్పడింది. స్థాపకులలో బి.బి.సి. అనుభవం గల ఆంటొనీ జే, హాస్యనటుడు జాన్ క్లీజ్ ఉన్నారు. అప్పటి శిక్షణచిత్రాలలో ఒక గంభీరస్వరం ఆదర్శ ఉద్యోగిని చూపిస్తూ పాఠం చెప్పేది. ఈ సంస్థ ఆ పద్ధతిని తలకిందులు చేసి, తప్పుచేసే మేనేజరును కథానాయకుణ్ణి చేసింది. 1976 నాటి ‘మీటింగ్స్, బ్లడీ మీటింగ్స్’లో సమావేశాలను అస్తవ్యస్తంగా నడిపే అధికారి కలలో న్యాయస్థానం ముందు నిలబడతాడు. అతనిని విచారించే న్యాయమూర్తి పాత్ర కూడా క్లీజే పోషించాడు. ప్రణాళిక, ముందస్తు సమాచారం, సన్నాహం, క్రమబద్ధమైన నిర్వహణ, నిర్ణయాల నమోదు అనే అంశాలు విచారణలో ఒక్కొక్కటిగా వెలికివస్తాయి.

మన హరికథకులు పిట్టకథతో నవ్వించి అసలు కథకు తిరిగివచ్చే నేర్పు ఇక్కడ జ్ఞప్తికి రావడం సహజం. అయితే హాస్యచిత్రాన్ని ఎంచుకోవడంలో ఒక చిక్కు ఉంది. ప్రేక్షకుడు తెరమీది మేనేజరులో తన పక్కగది అధికారిని గుర్తుపట్టినంత సులభంగా తనను తాను గుర్తుపట్టడు. పరిశోధన ఈ విషయంలో కొంత స్పష్టత ఇచ్చింది. ప్రవర్తనను అనుకరణ ద్వారా నేర్పే శిక్షణలపై పాల్ టేలర్, డార్లీన్ రస్-ఎఫ్ట్, డేనియల్ చాన్ 2005లో ప్రచురించిన సమగ్ర విశ్లేషణ ప్రకారం, తప్పుడు నమూనాను, సరైన నమూనాను రెండింటినీ చూపినప్పుడు నేర్చినది ఉద్యోగస్థలానికి ఎక్కువగా చేరింది. కనుక తప్పును మాత్రమే చూపి నవ్వించి ముగిసే వీడియో ఎంత ప్రసిద్ధమైనదైనా ఎంపికలో వెనుకబడవలసిందే.

నవ్వు కొలతను కూడా తప్పుదారి పట్టించగలదు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణ మూల్యాంకనాన్ని నాలుగు మెట్లుగా విభజించాడు: స్పందన, అభ్యసనం, ప్రవర్తన, ఫలితం. శిక్షణ ముగిసిన వెంటనే నింపించే అభిప్రాయపత్రం మొదటి మెట్టును మాత్రమే కొలుస్తుంది. హాస్యచిత్రానికి అక్కడ సహజంగానే మంచి మార్కులు పడతాయి. ఆ మార్కులనే మరుసటి సంవత్సరపు ఎంపికకు ఆధారం చేసుకుంటే మిగిలిన మూడు మెట్లు ఎక్కకుండానే నిర్ణయం జరిగిపోతుంది.

4. ‘సైట్’: తెలుగు వినిపించిన ప్రయోగం

భారతదేశంలో ఈ చరిత్ర ప్రభుత్వ మార్గంలో నడిచింది. అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 సహాయంతో 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు అందాయి. అప్పటి అవిభక్త ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. హైదరాబాదు ఒక నిర్మాణకేంద్రం. హిందీ, ఒడియాలతోపాటు తెలుగు, కన్నడాలు ప్రసారభాషలు. ఒకే దృశ్యంతో రెండు ధ్వనిమార్గాలను పంపగల ఏర్పాటు ఉన్నందున ఒక చిత్రాన్ని రెండు భాషలలో వినిపించగలిగారు. గ్రామీణాభివృద్ధి, వ్యవసాయ కార్యక్రమాలను గురించి ఎంతో చర్చ జరిగింది. ఉపాధ్యాయశిక్షణ గురించి అంత జరగలేదు.

1975 అక్టోబరులోను, 1976 వేసవిలోను పన్నెండేసి రోజుల చొప్పున సుమారు 50 వేల మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. ఆ ఉపాధ్యాయులను జిల్లా కేంద్రాలకు రప్పించి అంత తక్కువ కాలంలో శిక్షణ ఇవ్వడం ఆనాటి వనరులతో అసాధ్యం. ఎన్.సి.ఇ.ఆర్.టి. రూపొందించిన ఆ శిక్షణలో టెలివిజన్ ఒక అంగం మాత్రమే. రేడియో, ముద్రిత సామగ్రి, స్వయంగా చేసి చూసే కృత్యాలు, చర్చ దానితో కలిసి నడిచాయి. 1940ల నాటి అమెరికా కట్టకూ దీనికీ పోలిక స్పష్టం. తేడా ఏమిటంటే, యుద్ధకాలపు బోధకుడు కావలసినచోట చిత్రాన్ని ఆపగలడు, మళ్లీ వేయగలడు. ఉపగ్రహ ప్రసారాన్ని గ్రామంలోని ఉపాధ్యాయుడు ఆపలేడు. ఆగని చిత్రానికి ఆగి ఆలోచించే సమయాన్ని కృత్యాలు, చర్చలు సమకూర్చాయి.

తెలుగు ధ్వనిమార్గం ఉండడం చిన్న విషయం కాదు. గాలికి బరువు ఉంటుందని నిరూపించే ప్రయోగాన్ని పిల్లలకు ఏ మాటలలో చెప్పాలో ఉపాధ్యాయుడు అదే భాషలో విన్నాడు. ఉద్యోగి ఏ భాషలో పనిచేస్తాడో ఆ భాషలో శిక్షణ ఉండాలన్న ప్రమాణాన్ని సాంకేతికవ్యవస్థ నిర్మాణంలోనే చేర్చిన అరుదైన సందర్భం ఇది. మాధ్యమం కేవలం వాహనమని, నేర్పేది బోధనపద్ధతేనని రిచర్డ్ క్లార్క్ 1983లో వాదించాడు. ‘సైట్’ శిక్షణ ఆ వాదానికి చాలావరకు అనుకూలమే. కానీ వాహనం ఊరికి చేరని చోట పద్ధతి గొప్పదనం అక్కరకు రాదన్న విషయాన్నీ అదే గుర్తుచేస్తుంది.

5. ధ్రువపత్రాల కాలం

2017లో స్వయం, దీక్షా వేదికలు వచ్చాయి. 2018లో కళాశాల అధ్యాపకుల కోసం అర్పిత్ పేరుతో పునశ్చరణ కోర్సులు స్వయం ద్వారా మొదలయ్యాయి. పదోన్నతికి వాటి ధ్రువపత్రం చెల్లుతుంది. 2019లో ఆరంభమైన నిష్ఠా శిక్షణ మరుసటి ఏడాది దీక్షా వేదికపైకి మారింది. స్వయం కోర్సుకు వీడియో, పాఠ్యసామగ్రి, చర్చావేదిక, మూల్యాంకనం అనే నాలుగు భాగాలు ఉండాలన్న నియమం పాత కట్ట సూత్రాన్నే కొత్త పేరుతో నిలిపింది. ఆచరణలో ఆ నాలుగింటిలో ఎండిపోయేది చర్చావేదిక. వీడియో పూర్తయినట్టు యంత్రం నమోదు చేయగలదు. అధ్యాపకుడు మరో గదిలో ఉన్నాడా అన్నది దానికి తెలియదు.

ఎంపిక తప్పితే నష్టం ఎంత తీవ్రమో తెలియాలంటే 2013 నాటి కార్యస్థలంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టాన్ని చూడాలి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉద్యోగులున్న ప్రతిచోట అంతర్గత కమిటీ ఉండాలని, అవగాహన కార్యక్రమాలు క్రమం తప్పక నిర్వహించాలని చట్టం చెబుతుంది. తాత్కాలిక, కాంట్రాక్టు సిబ్బంది కూడా దాని పరిధిలోనివారే. ఈ అవగాహన బాధ్యతను ఒక సిద్ధవీడియోకు అప్పగించడం తేలిక. అది ఆంగ్లంలో, మహానగరపు అద్దాల కార్యాలయ దృశ్యాలతో ఉంటే, కళాశాలలో ఊడ్చే ఆయాకు, రాత్రి కాపలా కాసే కాంట్రాక్టు ఉద్యోగికి అందులో తాము కనిపించరు. హావ్‌లాండ్ బృందం చూపినట్టు, ఆ వీడియో చట్టంలోని నిర్వచనాలను నేర్పవచ్చు, వైఖరిని మార్చడం సందేహమే. అంతకన్నా ముఖ్యంగా, ఎక్కడో తయారైన వీడియో ఈ కార్యాలయపు కమిటీలో ఎవరున్నారో చెప్పలేదు. కమిటీ ఏర్పాటు ఉత్తర్వును అందరికీ కనిపించేచోట ప్రదర్శించాలని చట్టంలోని 19వ సెక్షన్ కోరుతుంది. వీడియో ఆపి, ఆ ఉత్తర్వులోని పేర్లను తెలుగులో చదివి వినిపించి, ఫిర్యాదు రాయలేనివారు ఎవరి సహాయం అడగవచ్చో చెప్పే పని అక్కడి మనిషే చేయాలి.