తోలుపని చేసినవారి విశ్రాంతి దినం

యూదుల మౌఖిక ధర్మశాస్త్రం సుమారు క్రీ.శ. 200 నాటికి మిష్నాగా సంకలితమైంది. షబ్బత్ నాడు, అంటే శుక్రవారం సూర్యాస్తమయం మొదలు శనివారం రాత్రి చుక్కలు పొడిచేవరకు సాగే విశ్రాంతి దినాన, మానవలసిన పనులను అది 39గా లెక్కించింది. దున్నడం, విత్తడం, కోత కోయడం, వడకడంతో పాటు తోళ్లను పదును చేయడమూ ఆ పట్టికలో ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన ఉన్న కొత్తరెడ్డిపాలెంలో ‘బెనే ఎఫ్రాయిమ్’, అనగా ఇస్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతి, అన్న పేరుతో షబ్బత్ పాటిస్తున్న కుటుంబాలు తోలుపని కులవృత్తిగా గల మాదిగ సమాజం నుంచి వచ్చినవే కావడం చరిత్రలోని ఒక అపురూపమైన కలయిక.

ఈ విశ్రాంతికి బైబిలులోని నిర్గమకాండం సృష్టి ముగిసిన ఏడవ దినాన్ని కారణంగా చూపగా, ద్వితీయోపదేశకాండం ఐగుప్తులో అనుభవించిన దాస్యాన్ని గుర్తుచేసి, దాసదాసీలకూ పరదేశికీ ఎద్దుకూ గాడిదకూ యజమానితో సమానంగా విరామం దక్కాలంటుంది. మనిషిని తీర్చిదిద్దే నియమంగా ఈ రెండవ కారణమే గొప్పది. యూదులు ఆయుష్షులో ఏడవ వంతును సోమరితనంతో పోగొట్టుకుంటున్నారని రోమన్ తత్త్వవేత్త సెనెకా ఆక్షేపించాడు గాని, అది ఒళ్లు వంచి పనిచేయవలసిన అగత్యం లేనివాని ఆక్షేపణ.

తెలుగు నేలపై వారానికొక విరామ దినం కోసం మాదిగలు పడిన పెనుగులాట కొత్తరెడ్డిపాలెం షబ్బత్‌కు ఎంతో ముందే, మరో మతమైన క్రైస్తవం నీడన, ఒంగోలు ప్రాంతంలో జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడగా, ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకుల వెంట సంఘంలో చేరినవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. కపిల బానలు, చెప్పులు, పశువుల పగ్గాలు, జాతరలో డప్పు, ఇవన్నీ మాదిగల చేతి మీదుగానే నడిచిన ఊళ్లలో, పిలిచినప్పుడల్లా రావలసిన మనిషి ఆదివారం రానని చెప్పడం ఊరి కట్టుబాటునే ధిక్కరించడం అయింది కనుక, కొన్నిచోట్ల పెద్దలు వారిని బావికీ అంగడికీ దూరం చేశారు. అయినా వెనకడుగు పడలేదు. 1876–78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య చరిత్రకెక్కింది గాని, ఆదివారం పనికి రానని మొదట నోరు విప్పిన కూలీలలో ఎక్కువమంది పేర్లు నశించాయి. ఇది పూడ్చలేని నష్టం.

కొత్తరెడ్డిపాలెం కుటుంబాలు కూడా బాప్టిస్టు నేపథ్యం గలవే. యాకోబి సోదరుల నాయకత్వంలో 1980ల నుంచి యూదాచారం వైపు మళ్లిన ఈ సమాజం 1991లో సినగాగు, అంటే యూదుల ప్రార్థనాలయం, నెలకొల్పుకుంది. తాము ఇస్రాయేలు గోత్రాల వంశస్థులమన్నది వారి విశ్వాసం. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్‌లు 2013లో వెలువరించిన గ్రంథం ఈ విశ్వాసాన్ని కులచరిత్రతో ముడిపెట్టి పరిశీలించింది. వంశం మాట ఎలా ఉన్నా, రోజుకూలితో బతికే ఇంట మిరపకోతల నడుమ ఒక శనివారాన్ని వదులుకోవడం సంపన్నుల సెలవుకంటే ఎంతో బరువైన ఆచరణ.

ఒంగోలు, గుంటూరు పల్లెల మాదిగవాడల్లో ఆదివారపు పోరాటాన్ని తాతముత్తాతల నోట విన్న వృద్ధులు ఇంకా ఉండవచ్చు. వారి మాటలను తెలుగులో నమోదు చేసే పనికి స్థానిక కళాశాలల చరిత్ర విభాగాలు వెంటనే పూనుకోవాలి.