అగస్టా గోల్ఫ్ మైదానం: ఎత్తుపల్లాలపై 18 హోల్స్ నడక

గోల్ఫ్ శారీరక శ్రమ అంతగా అవసరం లేని తీరిక క్రీడ అన్న అభిప్రాయం సర్వత్రా ఉన్నది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఏటా ఏప్రిల్ నెలలో జరిగే మాస్టర్స్ పోటీని టెలివిజన్‌లో తిలకించే వారికి సైతం ఆ అభిప్రాయం తొలగదు. కెమెరా కంటికి కొండవాలు చదునుగా కనిపించడమే అందుకు కారణం. పోటీకి వేదిక అయిన అగస్టా నేషనల్ మైదానాన్ని మొదటిసారి దర్శించినవారు అక్కడి ఎత్తుపల్లాలను చూసి విస్తుపోవడం పరిపాటి.

ఒకప్పుడు పూలమొక్కలు, పండ్లమొక్కలు పెంచిన నర్సరీ స్థలంలో ఈ మైదానం రూపుదిద్దుకున్నది. సుప్రసిద్ధ క్రీడాకారుడు బాబీ జోన్స్, రూపశిల్పి అలిస్టర్ మెకంజీ కలసి దీనిని తీర్చిదిద్దారు. 1933లో మైదానం ప్రారంభం కాగా, 1934లో తొలి పోటీ జరిగింది. నాటి నర్సరీకి గుర్తుగా ప్రతి హోల్‌కు ఒక మొక్క పేరు పెట్టడం విశేషం. క్లబ్ భవనం మెట్టపై ఉండగా, 12వ హోల్ వద్ద ప్రవహించే రేస్ క్రీక్ అనే వాగు మైదానంలోని పల్లపు ప్రాంతంలో ఉన్నది. ఈ రెండింటి నడుమ ఎత్తులో వ్యత్యాసం 150 అడుగులకు పైమాటే.

ఆటగాడు తొలి బంతిని కొట్టే చోటును టీ అని, రంధ్రం ఉండే నున్నని పచ్చిక తలాన్ని గ్రీన్ అని, ఈ రెంటి మధ్య బాటను ఫెయిర్‌వే అని వ్యవహరిస్తారు. రెండవ హోల్ దిగుడు. ఎనిమిదవది 500 గజాలకు మించి పొడవున్న ఎగుడు. ఫెయిర్‌వే మీద నిలిచిన ఆటగాడికి గ్రీన్ సరిగా కానరాదు. తొమ్మిదవ హోల్ గ్రీన్ ముందుభాగం ఎంత వాలుగా ఉంటుందంటే, కాస్త తక్కువ బలంతో చేరిన బంతి వెనుకకు జారి ఫెయిర్‌వేపైకి వచ్చిపడుతుంది. 1996లో ఆరు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు ఆట ప్రారంభించిన గ్రెగ్ నార్మన్‌కు ఇదే అనుభవం ఎదురైంది. నాటి విజేత నిక్ ఫాల్డో. పదవ హోల్ వద్ద నేల ఒక్కసారిగా సుమారు వంద అడుగులు కిందికి దిగుతుంది. దిగినదంతా తిరిగి ఎక్కవలసినదే కదా! 17, 18 హోల్స్ రెండూ ఎగుడు కావడంతో, కాళ్లు అలసిన వేళ అసలు పరీక్ష మొదలవుతుంది.

అయితే తొలి పోటీలో ఈ వరుస లేదు. నేటి పదవ హోల్ నాడు మొదటిది. పల్లంలో, నీడన ఉన్న ప్రాంతంలో ఉదయపు మంచు ఆలస్యంగా కరుగుతున్నందున 1935 నుండి రెండు భాగాలను తారుమారు చేశారు. మంచు కోసం చేసిన ఆ మార్పు వల్లనే నేడు పల్లం నుండి మెట్టకు ఎక్కే కష్టం ఆట చివరికి వచ్చింది.

వాలు వలన కలిగే ఇబ్బంది నడకతో ముగియదు. కుడిచేతి ఆటగాడికి బంతి పాదాలకన్న ఎత్తున ఉంటే అది ఎడమకు, పల్లాన ఉంటే కుడికి మళ్లుతుంది. ఎగుడున కొట్టిన బంతి ఎత్తుగా లేచి తక్కువ దూరం పోతుంది. దిగుడున కొట్టినది తక్కువ ఎత్తులో దూసుకుపోతుంది. 13వ హోల్‌లో రెండవ దెబ్బకు సాధారణంగా బంతి పాదాలకన్న ఎత్తున ఉంటుంది. గ్రీన్ ముందు వాగు ఉన్నది. అలసిన కాళ్లతో అటువంటి చోట నిలదొక్కుకోవడం సులభం కాదు.

ఈ పోటీలో ఆటగాళ్లు వాహనం వినియోగించరాదు. వారి సంచి మోసే కాడీలకూ అదే కష్టం. నడక ఆటలో భాగమా, కాదా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. కుడికాలిలో రక్తప్రసరణ లోపంతో బాధపడుతున్న కేసీ మార్టిన్ అనే ఆటగాడు పి.జి.ఎ. టూర్ పోటీలలో బండి వాడుకునేందుకు అనుమతి కోరగా, 2001 మే 29న న్యాయస్థానం 7-2 ఆధిక్యంతో ఆయనకు అనుకూలంగా తీర్పునిచ్చింది. 18 హోల్స్ నడకకు ఖర్చయ్యే శక్తి సుమారు 500 కేలరీలేనన్న నిపుణుని సాక్ష్యం ఆ కేసులో ప్రస్తావనకు వచ్చింది. కేలరీల లెక్క సరియైనదే కావచ్చు. గాయపడిన కాలికి దిగుడువాలు కలిగించే నొప్పి మాత్రం ఆ లెక్కకు అందదు.

టైగర్ వుడ్స్ ఉదంతం ఇందుకు నిదర్శనం. 2021 ఫిబ్రవరిలో కారు ప్రమాదంలో ఆయన కుడికాలి ఎముకలు పలుచోట్ల విరిగాయి. 2022 ఏప్రిల్‌లో అగస్టాకు తిరిగివచ్చినప్పుడు, బంతిని కొట్టడం తనకు సమస్య కాదని, నడకే కష్టమని ఆయన తెలిపారు. నాలుగు రోజులలో ఆయన స్ట్రోకులు వరుసగా 71, 74, 78, 78. రోజులు గడిచేకొద్దీ కాలు సహకరించని తీరు ఈ అంకెలలోనే కనిపిస్తున్నది. 2023లో వర్షం, చలి నడుమ మూడవ రౌండ్ పూర్తికాకుండానే ఆయన పోటీ నుండి వైదొలిగారు.

ఆ ఏడాది వర్షం కారణంగా మూడవ రౌండ్‌లో మిగిలిన ఆటను, నాలుగవ రౌండ్‌ను ఆదివారం ఒక్కరోజే నిర్వహించారు. అగ్రస్థానానికి పోటీపడిన జాన్ రామ్, బ్రూక్స్ కెప్కా ఆనాడు 30 హోల్స్ ఆడవలసివచ్చింది. విజయం రామ్‌ను వరించింది. తెలుగు కుటుంబానికి చెందిన, కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్ తీగల మాస్టర్స్‌లో తొలిసారి పాల్గొన్నది ఆ ఏడాదే. చివరి రౌండ్‌లో 16వ హోల్ వద్ద గ్రీన్ వెలుపలి నుండి ఆయన కొట్టిన బంతి వాలు వెంబడి మెల్లగా దొర్లుతూ రంధ్రంలో పడింది. తీగల తొమ్మిదవ స్థానంలో నిలిచారు.