బి.బి.పాటిల్ - రవాణా, మౌలిక వసతులపై వైఖరి

భీంరావ్ బస్వంత్‌రావ్ పాటిల్ (బి.బి.పాటిల్) జహీరాబాదు లోక్‌సభ నియోజకవర్గానికి 2014 నుండి 2024 వరకు రెండు పర్యాయాలు ప్రాతినిధ్యం వహించిన రాజకీయ నాయకుడు. రెండు సార్లూ తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థిగా ఎన్నికయ్యారు. 2024 మార్చిలో భారతీయ జనతా పార్టీలో చేరి, ఆ సంవత్సరపు ఎన్నికలలో కాంగ్రెస్ అభ్యర్థి సురేష్ కుమార్ షెట్కార్ చేతిలో ఓడిపోయారు. జాతీయ రహదారుల విస్తరణ, బోధన్ - బీదర్ రైలుమార్గం ఆయన కోరిన వాటిలో ముఖ్యమైనవి.

నేపథ్యం

2008 నియోజకవర్గాల పునర్విభజనలో జహీరాబాదు లోక్‌సభ స్థానం ఏర్పడింది. జహీరాబాదు, నారాయణఖేడ్, అందోల్, జుక్కల్, బాన్స్‌వాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి శాసనసభ స్థానాలు ఇందులో ఉన్నాయి. అప్పటి మెదక్, నిజామాబాదు జిల్లాల భాగాలను కలిపి దీనిని రూపొందించారు. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఈ ప్రాంతం ప్రధానంగా సంగారెడ్డి, కామారెడ్డి జిల్లాలలో ఉన్నది.

నియోజకవర్గపు దక్షిణపు కొసన ఉన్న జహీరాబాదు పట్టణం వికారాబాదు - బీదర్ - పర్లి వైద్యనాథ్ రైలుమార్గంలో ఉండగా, తూర్పున ఉన్న కామారెడ్డి సికింద్రాబాదు - నిజామాబాదు మార్గంలో ఉంది. ఈ రెంటినీ నియోజకవర్గం లోపల కలిపే రైలుమార్గం లేదు. మధ్యనున్న నారాయణఖేడ్, జోగిపేట, బాన్స్‌వాడ పట్టణాలకు రైలు సౌకర్యం లేదు. అందువలన ఇక్కడి ప్రజలు ప్రధానంగా రోడ్లపైననే ఆధారపడుతున్నారు.

రహదారులు

జహీరాబాదు మీదుగా పూణె - మచిలీపట్నం జాతీయ రహదారి పోతుంది. పూర్వం 9వ సంఖ్య గల ఈ రహదారికి 2010లో 65వ సంఖ్య ఇచ్చారు. కామారెడ్డి మీదుగా 44వ జాతీయ రహదారి ఉన్నది. ఈ రెండు రహదారులకు నడుమనున్న వెనుకబడిన ప్రాంతానికి సంగారెడ్డి - నాందేడ్ - అకోలా మార్గం (161వ జాతీయ రహదారి) ముఖ్యమైనది. ఇది జోగిపేట, పెద్ద శంకరంపేట, నిజాంపేట, పిట్లం, మద్నూరుల మీదుగా మహారాష్ట్రలోని దెగ్లూరు వైపు సాగుతుంది. ఈ మార్గంలో కంది - రాంసాన్‌పల్లి భాగపు (40 కి.మీ.) నాలుగు వరుసల రహదారిని ప్రధానమంత్రి 2024 మార్చి 5న సంగారెడ్డిలో ప్రారంభించారు.

రైలుమార్గాలు

నిజామాబాదు వైపు నుండి వచ్చే శాఖామార్గం చక్కెర కర్మాగారానికి పేరు పొందిన బోధన్‌లో ముగుస్తుంది. అక్కడినుండి బీదర్ వరకు మార్గం వేస్తే నారాయణఖేడ్, జుక్కల్ ప్రాంతాలకు రైలు అందుబాటులోకి వస్తుందన్నది ఈ కోరికకు ఆధారం. 2017 అక్టోబరు 29న బీదర్ - కలబురగి కొత్త మార్గం ప్రారంభమైన తరువాత ఈ లంకెకు ప్రాధాన్యం మరింత పెరిగింది. అయినప్పటికీ పాటిల్ పదవీకాలం ముగిసేనాటికి బోధన్ - బీదర్ మార్గ నిర్మాణం మొదలు కాలేదు.

కొత్త రైలుమార్గానికి సర్వే, రాబడి అంచనా, బడ్జెటు మంజూరు, భూసేకరణ అనే దశలు దాటవలసి ఉంటుంది. కొన్ని మార్గాలకు రాష్ట్ర ప్రభుత్వం కూడా వ్యయంలో వాటా భరించాలి. పొరుగున ఉన్న అక్కన్నపేట - మెదక్ మార్గం ఇట్టి పద్ధతిలోనే నిర్మాణమై, 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. దాని పొడవు సుమారు 17 కి.మీ. మాత్రమే. సరుకు రవాణా తక్కువగా ఉన్న వెనుకబడిన ప్రాంతాలకు రాబడి లెక్క ప్రతికూలంగా ఉంటుంది. రైలు రానిదే పరిశ్రమలు రావు, పరిశ్రమలు లేనిదే రాబడి చూపడం కష్టం.

పారిశ్రామిక మండలం

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో జాతీయ పెట్టుబడులు, ఉత్పత్తుల మండలం (నిమ్జ్) ప్రతిపాదించబడింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాదు పారిశ్రామిక ప్రాంతాన్ని హైదరాబాదు - నాగపూర్ కారిడార్‌లో భాగంగా ఆమోదించింది. మొదటి దశ విస్తీర్ణం 3,245 ఎకరాలు, అంచనా వ్యయం 2,361 కోట్ల రూపాయలు. భూములు కోల్పోయే రైతులలో కొందరు భూసేకరణను వ్యతిరేకించారు. ఈ ప్రాంతం జొన్న, చిరుధాన్యాల సాగుకు పేరొందినది.

ఫలితాలు

పార్లమెంటు సభ్యునికి రహదారి గానీ రైలుమార్గం గానీ మంజూరు చేసే అధికారం లేదు. సభలో ప్రస్తావించడం, మంత్రులకు విజ్ఞప్తులు సమర్పించడం వరకే అతని పరిధి. 2014 - 2024 మధ్య ఈ నియోజకవర్గంలో రహదారుల పనులు ముందుకు సాగగా, బోధన్ - బీదర్ రైలుమార్గం కోరికగానే మిగిలిపోయింది.