పేగుల్లో కాపలా

"ఏరా, రోగం కుదుర్చుకోడానికి ఆస్పత్రికొస్తే కొత్త రోగం అంటించి పంపుతారా?" అని అమ్మ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

మమ్మల్ని చూడ్డానికి అమెరికా వచ్చిన నాన్నకి న్యుమోనియా చేసింది. ఆస్పత్రిలో చేర్చాం. యాంటీబయాటిక్స్‌తో దగ్గు తగ్గింది గానీ ఐదోరోజు నించీ విరేచనాలు, రోజుకి పదిసార్లు. పరీక్ష చేసి "సీ. డిఫ్" అన్నారు. అంటే క్లాస్ట్రిడియం డిఫిసిలే. (2016లో దాని ఇంటిపేరు క్లాస్ట్రిడియోయిడిస్ అని మార్చార్లెండి.) పగలు ప్రోగ్రాముల్లో బగ్గులు వెతుక్కునే నేను, రాత్రుళ్ళు నాన్న మంచం పక్కన కూర్చుని ఈ బగ్గు చరిత్ర చదివాను.

1935లో దీన్ని మొదట వర్ణించినవాళ్ళు హాల్, ఓటూల్ అనే ఇద్దరు. అది దొరికిందెక్కడో తెలుసా? ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మలంలో! ల్యాబులో పెంచడం కష్టమైంది కాబట్టి ఆ అర్థం వచ్చేలా "డిఫిసిలిస్" అన్నారు. దీని విషం జంతువుల్ని చంపుతుందని కూడా చూశారు. కానీ పసిపిల్లలకి ఏమీ కాలేదుగా! అంచేత నలభై ఏళ్ళపాటు దీన్నెవరూ పెద్దగా అనుమానించలేదు.

ఈలోగా యాంటీబయాటిక్స్ వచ్చాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకి సారథ్యం వహించిన లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. రకరకాల బాక్టీరియాని ఒకే మందు చంపగలిగింది. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అయితే ఇలాంటి మందులకి తన పర భేదం తెలీదు. మన పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియా కాపురముంటాయి. అవి నిండుగా ఉన్నంతకాలం డిఫిసిలేకి చోటూ, తిండీ దొరకవు. మందు వాటిని ఊడ్చేసిందా, ఇక దీనిదే రాజ్యం.

1950ల్లో యాంటీబయాటిక్స్ తర్వాత పేగులు పాడై రోగులు చనిపోతుంటే డాక్టర్లు స్టఫైలోకాకస్‌ని నిందించారు. 1958లో డెన్వర్ సర్జన్ బెన్ ఐస్మన్, పోయినవాటిని తిరిగి పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ఆరోగ్యవంతుల మలాన్ని ఎనిమాగా నలుగురు రోగులకి ఇచ్చాడు. నలుగురూ కోలుకున్నారు. అసలు దొంగ జాన్ బార్ట్‌లెట్ బృందానికి దొరికింది మాత్రం 1978లో. కారణం కన్నా ఇరవై ఏళ్ళు ముందే వైద్యం దొరికిందన్నమాట!

అయినా ఆ వైద్యం మూలన పడింది. అసహ్యం ఒక కారణం, వాంకోమైసిన్ చేతిలో ఉండటం ఇంకో కారణం. 2013లో నెదర్లాండ్స్‌లో, జబ్బు తిరగబెట్టిన వాళ్ళమీద పరీక్ష చేస్తే మలమార్పిడితో 16 మందిలో 15 మందికి నయమైంది. వాంకోమైసిన్ ఒక్కటే వాడిన 13 మందిలో నలుగురికే తగ్గింది. 2023లో అమెరికాలో క్యాప్సూల్‌గా కూడా అనుమతి వచ్చింది.

అమ్మ ప్రశ్నకి జవాబు నర్సు దగ్గర దొరికింది. గది దాటేటప్పుడు చేతులకి జెల్ చాలదనీ, సబ్బుతో కడుక్కోమనీ చెప్పింది. ఈ బాక్టీరియా స్పోర్లు ఆల్కహాల్‌కి చావవు. మంచం పట్టీల మీదా, తలుపు పిడుల మీదా నెలల తరబడి ఉండగలవు. పేగుల్లో కాపలా పోయిన మనిషి కోసం ఎదురుచూస్తుంటాయి.

నాన్నకి వాంకోమైసిన్‌తోనే తగ్గింది. ఊరెళ్ళిపోయారు. మొన్న ఫోన్లో జలుబన్నారు. మందులషాపతను అడక్కుండానే యాంటీబయాటిక్ బిళ్ళలు ఇచ్చాట్ట. "వేసుకున్నారా?" అనేలోపే అమ్మ ఫోనందుకుంది.

"మిరియాల కషాయం పెట్టాలే. ఆ బిళ్ళలు డాక్టరు చెబితేనే."