కట్టు నుంచి కుట్టుకు: పశ్చిమ ప్రకాశంలో ఆడవాళ్ళ నిత్యవస్త్రాల చరిత్ర

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ప్రాంతాల్లో ఆడవాళ్ళ రోజువారీ కట్టును తీర్చినవి మూడు: ఎండ, నీటి ఎద్దడి, నడుం వంచి చేసే పని. నల్లమల కొండలకు తూర్పున ఉన్న ఈ మెట్టనేలలో వాన తక్కువ. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఇక్కడ నిత్యం కట్టే బట్ట చెమట పీల్చాలి, వంగినా గొంతుక్కూర్చున్నా అడ్డం రాకూడదు, మట్టి పట్టినా తెలియకూడదు, కొద్ది నీళ్ళతో ఉతుకు తేలాలి. వీటితోపాటు మనిషికి నప్పాలి. ఒంటికి హాయి, కంటికి ఒప్పు అనే ఈ రెండు గుణాలూ చాలాకాలం ఒక్క కోకలోనే ఇమిడి ఉండేవి. ఆ హాయి బట్టలో కన్నా దాన్ని కట్టే తీరులో ఎక్కువగా ఉండేది. గత నూరేళ్ళలో కట్టు తగ్గి కుట్టు పెరిగింది. ఆ క్రమంలో హాయీ ఒప్పూ వేర్వేరు బట్టల పాలయ్యాయి.

సీమ పొత్తు, ముతక నేత

ఈ తాలూకాలు 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లోవి. మొదట కడప జిల్లాలో, 1858 నుంచి కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. కోస్తా జిల్లాలో చేరినా ఇక్కడి కట్టుబొట్టులకు, యాసకు కర్నూలు, కడపల పోలికే ఎక్కువ.

మిల్లు బట్ట రాకముందు నిత్యపు కోక దగ్గర్లోని మగ్గాల మీద నేసిందే. సాలె, దేవాంగ, తొగట కులాలవాళ్ళు దత్తమండలాల పల్లెల్లో నేత పని చేసేవారు. కడప ప్రాంతంలో ఎక్కువగా ఉన్న తొగటవారు పేదలు కట్టే ముతక నూలుబట్టలు నేస్తారని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణాది కులాల గ్రంథంలో రాశాడు. ముతక అనేది ఇక్కడ తక్కువ రకమని చెప్పే మాట మాత్రమే కాదు. లావు నూలుతో నేసిన కోక చెమట పీల్చుకుంటుంది, ముళ్ళకంపకు తట్టుకున్నా గబుక్కున చిరగదు, పల్చటి బట్టలా ఒంటికి అంటుకోదు. కొత్తలో బిరుసుగా ఉన్నా, ఉతుకుతున్నకొద్దీ మెత్తబడుతుంది. రంగుల్లో ముదురు ఎరుపు, నీలి, నలుపు ఎక్కువ. కడప, కర్నూలు జిల్లాల్లో పంతొమ్మిదో శతాబ్దంలో నీలిమందు పంట విస్తారంగా ఉండేది. ముదురు రంగు మట్టిమరకను దాస్తుంది. కోక ఒంటి రంగు ఎలాంటిదైనా దానికి ఎర్రంచు గానీ పసుపంచు గానీ వేస్తే నిండుదనం వస్తుంది.

దేశీ నేత గట్టిదనం పరాయివాళ్ళ దృష్టికీ వచ్చింది. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో 1813లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం ముందు సాక్ష్యం చెబుతూ, ఏడేళ్ళు వాడినా తన భారతీయ శాలువ పెద్దగా మారలేదని, యూరపు శాలువ ఊరికే ఇచ్చినా వాడనని అన్నాడు. మన్నిక విషయంలో అతని మాట నిజమే. తర్వాత దేశీ నేతను దెబ్బతీసింది మన్నిక కాదు, ధర.

పదహారు మూరల కట్టు

పాతకాలపు కోక పొడవు సాధారణంగా పదహారు మూరలు, అంటే ఎనిమిది గజాలు. నేటి చీర ఐదున్నర మీటర్లు, దాదాపు ఆరు గజాలు. పాత కోకలో అదనంగా ఉన్న రెండు గజాలు దండగ కాదు. లోపావడ లేని రోజుల్లో అవే లోబట్ట పనీ నడికట్టు పనీ చేసేవి. కోకను నడుము చుట్టూ తిప్పి, అంచును ముడివేసి బిగించేవారు. ఆ ముడిని పోకముడి అంటారు, సంస్కృతంలో నీవి. నాడా అవసరం లేదు. బిగువు చాలకపోతే ముడి సర్దుకోవచ్చు, అన్నం తిన్నాక వదులు చేసుకోవచ్చు.

పనిని బట్టి అదే కోక రూపు మారేది. నాట్లకూ కలుపుకూ దిగేటప్పుడు కుచ్చిళ్ళను కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి దోపితే గోచీకట్టు అవుతుంది. మోకాళ్ళ దాకా ఎగకట్టితే బురద అంటదు, అడుగు సాఫీగా పడుతుంది. పత్తి తీసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు కొంగును నడుముకు చుట్టి ముందు ఒడి కడితే అది సంచి. ఎండలో కొంగు తలమీదికి వస్తుంది, దుమ్ములో ముక్కుకు అడ్డం వస్తుంది. పలకల గనులు, కార్ఖానాలతో పేరుపడ్డ మార్కాపురంలో రాయి కోసి, అరగదీసేచోట పనిచేసే ఆడవాళ్ళకు కొంగే ముసుగు, కొంగే చేతిగుడ్డ.

కట్టుకు కొలతలు లేకపోవడం దాని పెద్ద సుగుణం. చిక్కినా, ఒళ్ళు చేసినా, కడుపుతో ఉన్నా అదే కోక సరిపోతుంది. పొట్ట దగ్గర కుచ్చిళ్ళు పడి ఎత్తుపల్లాలను కప్పుతాయి, భుజం మీది నుంచి ఏటవాలుగా దిగే పైట అంచు మనిషిని పొడవుగా చూపిస్తుంది. పొట్టివాళ్ళు సన్నంచు, పొడుగరులు వెడల్పంచు ఎంచుకుంటారు. తల్లి కోక కూతురు కట్టుకోగలదు. చివికిన కోక పసిబిడ్డకు ఉయ్యాల, కడవ కింద చుట్టకుదురు, ఇంటిల్లిపాదికీ బొంత అవుతుంది. ఫ్రెంచి పరిశోధకురాలు షాంతాల్ బులాంజె 1997లో ప్రచురించిన పుస్తకంలో దేశవ్యాప్తంగా ఎన్నో చీరకట్లను బొమ్మలతో నమోదు చేసింది. తెలుగు ప్రాంతపు గోచీకట్లు కూడా వాటిలో ఉన్నాయి. అప్పటికే ఆ కట్లు ఎక్కువగా ముసలమ్మల దగ్గరే మిగిలాయి.

రవిక

కోకలా రవిక అందరిదీ కాదు. పొలం పనులు చేసే కులాల్లో చాలామంది పెద్దవాళ్ళు ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా రవిక తొడిగేవారు కాదు. పైటే ఆ పని చేసేది. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబాల్లో విధవలకూ రవిక నిషిద్ధంగా ఉండేది. కాబట్టి రవిక ఉండడం, లేకపోవడం హాయికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, కులానికీ స్థితికీ గుర్తు కూడా. తొడిగేవాళ్ళ పాత రవికకు గుండీలు ఉండేవి కావు. ముందు రెండు చెంగులు కలిపి ముడివేస్తే అది ముడిరవిక. కోక మాదిరే ముడి వల్ల అదీ ఒంటితోపాటు సాగేది. తరువాతి కాలంలో జాకెట్టు అన్న మాట వాడుకలోకి వచ్చినా, పేరంటంలో పసుపుకుంకుమలతో పెట్టే గుడ్డను నేటికీ రవికలగుడ్డ అనే అంటారు.

రైలు, మిల్లు బట్ట

1876–78 నాటి ధాత కరువు కర్నూలు జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గారు. కొనేవాళ్ళు లేక నేతగాళ్ళూ కరువు పనుల పాలయ్యారు. ఆ తర్వాత పదేళ్ళకే నల్లమలను చీల్చుకుంటూ మీటరుగేజి రైలుమార్గం వచ్చింది. బెజవాడ నుంచి గుంతకల్లు వెళ్ళే ఆ దారిలో మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లయ్యాయి. రైలు వెంట మిల్లు నూలు, మిల్లు బట్ట, అద్దకపు చీటీ గుడ్డ సంతల్లోకి దిగాయి. 1897లో జర్మనీలో కృత్రిమ నీలి తయారై అమ్మకానికి రావడంతో నీలిమందు పంట క్షీణించింది. మిల్లు చీర పల్చన, తేలిక, చవక. ముతక కోక కన్నా త్వరగా ఆరేది, త్వరగా చిరిగేది. కంటికి ఒప్పు ఎక్కువ, మన్నిక తక్కువ అనే బేరం అప్పుడే మొదలైంది.

ఆరు గజాలు, లోపావడ, జాకెట్టు

కుచ్చిళ్ళు ముందుకు, పైట ఎడమ భుజం మీదికి వేసే ఆరు గజాల కట్టు ఇరవయ్యో శతాబ్దంలో దేశమంతటికీ మర్యాద కట్టు అయింది. ఫ్యాషన్ రచనల్లో దీని పేరు నీవీ కట్టు. టాగోర్ ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి 1860లలో బొంబాయిలో పార్సీల కట్టును చూసి, లోపావడతో, జాకెట్టుతో దాన్ని కలకత్తాకు తీసుకువెళ్ళింది. చదువుకున్న కుటుంబాలు, ఆపై సినిమాలు ఆ తీరును పట్నాల నుంచి పల్లెలకు చేర్చాయి. 1950లలో బుట్టచేతుల జాకెట్టు, 1970లలో సినీనటి వాణిశ్రీ తీరు చీరలూ జాకెట్లూ తెలుగునాట అంతటా వాడుకలోకి వచ్చాయి.

జాకెట్టుతో కుట్టుమిషను వచ్చింది. సింగర్ మిషన్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే దేశంలోకి వచ్చినా, 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలయ్యాక చిన్న ఊళ్ళకు కూడా అందాయి. కొలతలకు కుట్టిన జాకెట్టు బిగువుగా, తీరుగా కనిపిస్తుంది. అయితే ముడిలా సాగదు. అందుకే దర్జీ పక్కకుట్ల దగ్గర లోపల కొంత గుడ్డ వదిలి, రెండు మూడు వరసల కుట్లు వేస్తాడు. ఒళ్ళు వచ్చినకొద్దీ ఒక్కో కుట్టు విప్పుకుంటారు. చంక బిగుతు, చెయ్యి ఎత్తితే పట్టేయడం, మెడ జారడం అనే ఫిర్యాదులు కుట్టుతోనే పుట్టాయి. స్వయం సహాయక సంఘాలు బలపడ్డాక అప్పు తీసుకుని మిషను కొని ఇంట్లోనే కుట్టే ఆడవాళ్ళు పెరిగారు. కుట్టేది ఆడమనిషే కావడంతో కొలత చెప్పడానికి మొహమాటం తగ్గింది.

లోపావడ నాడా మరో మార్పు. చీర బరువంతా నడుము చుట్టూ ఒక్క దారం మీద పడుతుంది. ఏళ్ళ తరబడి ఒకేచోట బిగించి కడితే చర్మం ఒరిసి పుండై, అరుదుగా క్యాన్సరుగా కూడా మారవచ్చని 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ పత్రికలో వైద్యులు రాశారు. నాడా వదులుగా కట్టుకోవడం, సన్నని తాడు బదులు వెడల్పు పట్టీ వాడడం దీనికి ముందుజాగ్రత్త.

నైలెక్స్ చీర, నీటి లెక్క

1960ల నుంచి నైలాన్, నైలెక్స్, ఆ తర్వాత పాలిస్టరు చీరలు బజారుకొచ్చాయి. విమల్, గార్డెన్ పేర్లు చిన్న ఊళ్ళ దుకాణాల్లోనూ వినిపించాయి. తరువాత సూరత్ చీర అన్నిటికన్నా చవకై, చీరాల, ప్రొద్దుటూరు వంటి బట్టల బజార్ల ద్వారా పల్లెలకు చేరింది. ఈ చీరలు చెమట పీల్చవు. ఎండాకాలం ఒళ్ళు ఉడికిస్తాయి. అయినా నిలిచాయి. నూలుచీరకు ఎక్కువ నీళ్ళు, గంజి, ఇస్త్రీ కావాలి. పాలిస్టరు చీర రెండు చెంబుల నీళ్ళలో జాడిస్తే చాలు, గంటలో ఆరుతుంది, మడత నలగదు, రంగు పోదు. ట్యాంకరు కోసం బిందెలు వరసబెట్టే ఊళ్ళలో, సబ్బు సరిగా నురగ రాని ఉప్పునీళ్ళలో ఈ లెక్క చెమట బాధను మించింది.

ప్రభుత్వాలు కూడా చీర ధరను పట్టించుకున్నాయి. 1976లో కేంద్రం పేదలకు చవక చేనేత బట్ట ఇచ్చేందుకు జనతా వస్త్రాల పథకం తెచ్చింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం సగం ధరకు జనతా చీరలు, ధోవతులు పంచింది.

తండాల మార్పు

ఎర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు వైపు తండాల్లో దారి వేరు. లంబాడీ ఆడవాళ్ళ పేట్యా (లంగా), వీపు వైపు తాళ్ళతో కట్టే కాంచళి (రవిక), తలమీది టుక్రి (ముసుగు) అద్దాలతో, గవ్వలతో, పూసలతో చేసిన బరువైన కుట్టుపని. వీపు తెరిచి ఉండడంతో గాలి ఆడుతుంది, లంగా ఘేరు ఎక్కువ కాబట్టి కొండదారిలో నడక సులువు. అయితే కుట్టడానికి నెలలు పడుతుంది, ఉతకడం కష్టం. కొత్తతరం దాన్ని తీజ్‌కూ పెళ్ళికీ పరిమితం చేసి, నిత్యానికి చీరకూ చుడీదారుకూ మారింది.

ఓణీ, చుడీదారు, నైటీ, చొక్కా

పెళ్ళికాని ఆడపిల్లలకు లంగా ఓణీ 1980ల దాకా నిత్యపు దుస్తులే, చాలాచోట్ల బడి దుస్తులు కూడా. తరువాత చుడీదారు అని కూడా అనే పంజాబీ డ్రస్సు వచ్చింది. బస్సెక్కడానికి, సైకిలు తొక్కడానికి కాళ్ళకు అడ్డం లేకపోవడం దాని బలం. క్రమంగా ఓణీ పండగలకే మిగిలింది. పెళ్ళితో చీరకు మారాలనే కట్టడి కూడా సడలి, కుర్తీ, లెగ్గింగు నడివయసు వాళ్ళ దాకా వచ్చాయి.

ఇంట్లో నైటీ గెలిచింది. 1980లలో పట్నాల్లో, ఆ తర్వాత పల్లెల్లో పాకిన ఈ వదులు గౌనుకు నాడా లేదు, కుచ్చిళ్ళు లేవు, కొలతా పెద్దగా అక్కర్లేదు. నూలుదైతే పొయ్యి దగ్గర గాలి ఆడుతుంది. మోకాళ్ళు, నడుము పట్టేసిన పెద్దవాళ్ళకు తొడగడం తేలిక. దాని లోటు ఒప్పే. వాకిట్లోకి వస్తే భుజం మీద తువ్వాలో చున్నీయో వేసుకోవడం ఆ లోటును పూడ్చే మర్యాద అయింది.

పొలంలో, ఉపాధి హామీ పనిలో చీర మీద మగవాళ్ళ నిండుచేతుల చొక్కా కనిపిస్తుంది. పత్తికాయ డొప్పల గీతలు, మిరప ఘాటు, ఎండ చేతులకు తగలకుండా అది కాస్తుంది. జేబులో ఫోనూ వక్కాకూ పెట్టుకోవచ్చు. ఒకప్పుడు కొంగు, ఒడి చేసిన పనిని ఇప్పుడు చొక్కా చేస్తోంది.

ఈ విధంగా ఒక్క కోక మోసిన పనులు నాలుగైదు బట్టలకు చేరాయి. ఇంట్లో నైటీ, చేలో చీర మీద చొక్కా, బస్సుకు చుడీదారు, బజారుకు పాలిస్టరు చీర, పేరంటానికి పట్టు. ముతక నూలుచీర మాత్రం నిత్యవాడుక నుంచి తప్పుకుని, చేనేత పేరుతో ఖరీదు పెరిగి, ఉద్యోగినుల బీరువాలకు చేరింది.