శనివారం రాత్రి సూది

నా దగ్గర మూడు లాంగ్ నోట్‌బుక్కులు ఉన్నాయి. మొదటి దాని అట్ట మీద 2001 అని, చివరి దాని మీద 2015 అని నా చేతిరాతే. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి లివర్ ఓపీలో నర్సుగా ఉన్నప్పుడు, హెపటైటిస్-సి వాళ్లకు సూది వేసిన ప్రతిసారీ అందులో ఒక వరస రాసుకునేదాన్ని. పేర్లు రాయలేదు. వరంగల్ డ్రైవరన్న, తెనాలి టీచరమ్మ, కొత్తగూడెం పాప, ఇలా రాసుకున్నాను. పక్కన ఆ వారం హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, బరువు. వాటి పక్కన నిలువు గీత కొట్టి, ఆ మనిషి ఆ రోజు చెప్పిన మాట. "నోట్లో ఇనుము నమిలినట్టుంది." "దువ్వెన పట్టుకోవాలంటే భయమేస్తోంది." "మనవడు ఏడుస్తుంటే కొట్టాను సిస్టర్. పుట్టిన దగ్గర్నుంచీ వాణ్ణి ఒక దెబ్బ వేసి ఎరగను."

2020 అక్టోబరులో హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు హెపటైటిస్-సి వైరస్ మీద చేసిన పనికి నోబెల్ బహుమతి వచ్చింది. టీవీలో ఆ వార్త చూసి అటక మీంచి ఈ పుస్తకాలు దింపించాను. వైరస్‌ను కనిపెట్టిన వాళ్ల చరిత్ర రాశారు, రాయాలి కూడా. అయితే ఆ వైరస్‌కు మందు దొరికిందన్న రోజు నుంచి ఆ మందును మనిషి తట్టుకోగలిగే రోజు వచ్చేదాకా పాతికేళ్లు పట్టింది. ఆ పాతికేళ్లూ మందును ఒంటి మీద మోసినవాళ్ల చరిత్ర ఇంకా నోటి మాటల్లోనే ఉంది. నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ఆ మందు పేరు ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లోని మిల్‌హిల్ పరిశోధనాలయంలో ఆలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ దీన్ని గుర్తించారు. వైరస్ సోకిన కణం తన చుట్టుపక్కల కణాలను హెచ్చరించడానికి వదిలే పదార్థం ఇది. చాలా ఏళ్లు దీన్ని రక్తదాతల తెల్లకణాల నుంచే తీయాల్సి వచ్చేది. ఫిన్లాండ్‌లో కారి కాంటెల్ ఆ పనికే జీవితం పెట్టాడు. 1980లలో జన్యు సాంకేతికతతో బ్యాక్టీరియాలో తయారు చేయడం వచ్చాక గానీ మందుగా వాడేంత దొరకలేదు.

1986లో అమెరికాలో జే హూఫ్‌నాగెల్ బృందం పదిమంది రోగులకు ఈ మందు ఇచ్చి ఫలితాలు ప్రకటించింది. అప్పటికి ఆ జబ్బుకు సరైన పేరు కూడా లేదు, 'ఏ కాదు, బి కాదు' అని పిలిచేవారు. వైరస్ ఏదో తెలిసింది 1989లో. అంటే శత్రువు మొహం చూడకముందే ఆయుధం చేతిలో ఉంది. 1991లో అమెరికా ప్రభుత్వం దీన్ని హెపటైటిస్-సికి అనుమతించింది.

ఈ మందు వేస్తే జ్వరం ఎందుకొస్తుందని ప్రతి రోగీ అడిగేవాడు. ఫ్లూ వచ్చినప్పుడు మనకు వచ్చే చలి, ఒళ్లునొప్పులు, కళ్లు లాగేయడం, వీటిలో చాలా భాగం మన ఒంట్లోనే పుట్టే ఇంటర్‌ఫెరాన్ లాంటి పదార్థాల వల్లే. ఆ పదార్థాన్నే మేం సూదిలో నింపి, ఒళ్లు తయారు చేసుకునే దానికన్నా ఎక్కువ మోతాదులో ఎక్కిస్తున్నాం. "అన్నా, నీకు జ్వరం వచ్చిందంటే మందు ఒంట్లోకి దిగిందని లెక్క" అని చెప్పేదాన్ని. ఈ ఒక్క మాట తెలిస్తే భయం సగం తగ్గేది. తెలియనివాళ్లు మొదటి రాత్రి వణుకు పుట్టగానే మందు వికటించిందనుకుని అర్ధరాత్రి ఆటో ఎక్కి వచ్చేసేవారు.

నేను చేరిన కొత్తలో సూది వారానికి మూడుసార్లు. సోమ, బుధ, శుక్రవారాలు. జ్వరం దిగేసరికి మళ్లీ సూది రోజు వచ్చేది. దానికి తోడు 1998 నుంచి రిబావిరిన్ గోళీలు కలిపారు. ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే ఏడాది వాడితే నూటికి ఇరవైమందికి కూడా నయమయ్యేది కాదు, రిబావిరిన్ కలిపాక నలభై దాకా వచ్చింది. 2000ల తొలి ఏళ్లలోనే మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ కూడా ఇంటర్‌ఫెరాన్ తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత వారానికి ఒక్కసారి వేసే పెగ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చింది. మందు అణువుకు ఒక పొడుగాటి తోక తగిలించి, ఒంట్లోంచి త్వరగా పోకుండా చేసిన రకం అది. దాంతో సగం మందికి పైగా నయం కాసాగింది. మన దేశంలో ఎక్కువగా కనిపించే మూడో రకం వైరస్‌కు 24 వారాలు, మొదటి రకానికి 48 వారాలు.

శనివారం రాత్రి సూది అప్పుడే మొదలైంది. పెగ్ ఏ రోజైనా వేసుకోవచ్చు, వారం తిరిగేసరికి అదే రోజు వేసుకోవాలంతే. ఉద్యోగస్తులు శనివారం అడిగారు. రాత్రి భోంచేసి ఎనిమిదింటికి సూది, అరగంట ముందు పారాసిటమాల్. చలి జ్వరం నిద్రలో వచ్చి నిద్రలోనే సగం పోవాలి. ఆదివారం పడుకుంటే సోమవారం పనికి లేవగలగాలి. ఏ పుస్తకంలోనూ చూసి చెప్పింది కాదు ఇది, రోగులు ఒకరికొకరు చెప్పుకుని కుదుర్చుకున్న పద్ధతి. తర్వాత నేను చదివాను, అమెరికాలో వాళ్లు శుక్రవారం రాత్రి వేసుకునేవారట. వాళ్లకు రెండు రోజులు సెలవు. మా వాళ్లకు ఒకటే. కూలికి వెళ్లేవాళ్లకు అదీ లేదు. మిర్యాలగూడ నుంచి వచ్చే రైసుమిల్లు హమాలీ ఏ రోజైనా ఒకటే అని మంగళవారం వేయించుకునేవాడు. బుధవారం కూడా బస్తా ఎత్తేవాడు.

పారాసిటమాల్ లివర్‌కు చెడ్డదని విని చాలామంది మానేసి జ్వరంతో మగ్గేవారు. రోజుకు రెండు గ్రాములు దాటకుండా వేసుకోవచ్చని డాక్టరుగారి చేత చీటీ మీద రాయించి ఇచ్చేదాన్ని. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఇతర నొప్పి మాత్రలే మాకు భయం. కడుపులో నీరు చేరనివాళ్లకు నీళ్లు బాగా తాగమని చెప్పేవాళ్లం, మజ్జిగ, పలచటి రాగి జావ, సబ్జా నీళ్లు ఏవైనా సరే. నీళ్లు తాగినవాడి జ్వరానికీ తాగనివాడి జ్వరానికీ తేడా నా పుస్తకంలో వారం వారం కనిపిస్తుంది.

సూది ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డ కట్టకూడదు, కుదిలించకూడదు. వరంగల్ డ్రైవరన్న రెండు నెలలయ్యాక సూది తనే వేసుకోవడం నేర్చుకున్నాడు. ఐస్ పెట్టిన థర్మాకోల్ పెట్టెలో మందు తీసుకెళ్లి, ఇంట్లో ఫ్రిజ్ లేక ఊరి కూల్‌డ్రింకుల కొట్టులో పెట్టించేవాడు. కొట్టువాడికి అది షుగర్ మందని చెప్పాడు. సీసాను రెండు అరచేతుల మధ్య కాసేపు ఉంచి చల్లదనం పోయాక వేసుకుంటే మంట తక్కువ. ఈ వారం బొడ్డుకు కుడి పక్క, పై వారం ఎడమ పక్క, ఆ తర్వాత తొడ. ఒకేచోట గుచ్చితే ఎర్రగా కందిపోయి గట్టిపడుతుంది.

ఇంక రిబావిరిన్. చాలామందిని సూది కన్నా ఈ గోళీలే ఎక్కువ కుంగదీశాయి. ఈ మందు ఎర్రకణాల్లోకి వెళ్లి బయటికి రాలేక పోగుపడుతుంది, ఆ కణాలు ఆయుష్షు తీరకముందే పగిలిపోతాయి. మొదటి నెలలోనే హిమోగ్లోబిన్ రెండు మూడు గ్రాములు పడిపోయేది. పద్నాలుగు ఉన్నవాడికి ఆయాసంతో పోతుంది. మన ఆడవాళ్లు మొదలే పది, పదకొండుతో వస్తారు. పది దిగితే గోళీలు తగ్గించాలి, ఎనిమిదిన్నర దిగితే ఆపాలి. ఇంట్లోవాళ్లు దానిమ్మ, బీట్‌రూట్, బెల్లం పెట్టేవారు, ఐరన్ టానిక్ కొని తెచ్చేవారు. పళ్లు తినమనేదాన్ని, టానిక్ మాత్రం ఆపేదాన్ని. ఐరన్ లేక వచ్చిన రక్తహీనత కాదిది, పైగా జబ్బు చేసిన లివర్‌కు అదనపు ఐరన్ మంచిది కాదు. కన్నతల్లి చేతిలోంచి టానిక్ సీసా తీసుకుని "ఇది వద్దమ్మా" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

దురదకు గోరువెచ్చని నీళ్ల స్నానం, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరి నూనె. నిద్ర పట్టనివాళ్లు రాత్రి గోళీని పడుకునేముందు కాక ఏడింటికే అన్నంతో వేసుకోవాలి. రిబావిరిన్ వల్ల కడుపులోని బిడ్డకు అవయవలోపాలు వస్తాయి. అందుకే మందు వాడేది భార్యయినా భర్తయినా, వాడుతున్నంతకాలమూ ఆపిన తర్వాత ఆరు నెలలూ గర్భం రాకూడదని చెప్పేవాళ్లం. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి ఈ సంగతి అత్తగారి ముందు చెప్పాల్సి వచ్చేది. "ఏడాదిన్నర ఆగాలా?" అని అత్తగారు నన్ను చూసిన చూపు మర్చిపోలేదు. తర్వాత్తర్వాత ముందు ఆ దంపతులిద్దరినే లోపలికి పిలవడం అలవాటు చేసుకున్నాను.

ఒంటి బాధలకు ఇలా ఏదో ఒక ఉపాయం దొరికింది. మనసు దగ్గర మేం ఆలస్యంగా మేల్కొన్నాం. ఇంటర్‌ఫెరాన్ మనిషిని దిగులులోకి తోస్తుంది, చిరాకు పెంచుతుంది. మందు కాగితంలో ఆ మాట రాసే ఉంది. అయినా మొదటి రెండు మూడేళ్లు మేం రక్తం రిపోర్టులే చూశాం, మనిషిని అడగలేదు. తెనాలి టీచరమ్మ పదహారో వారంలో సూది వేయించుకుని లేవకుండా కూర్చుంది. ఏమైందమ్మా అంటే, "నిన్న బోర్డు మీద లెక్క మధ్యలో ఆగిపోయి ఏడ్చాను. పిల్లలంతా చూశారు. ఎందుకు ఏడ్చానో నాకే తెలీదు" అంది. ఇంట్లో అందరూ ఆవిడ గుణం మారిపోయిందనుకుంటున్నారట. అది మందు చేస్తున్న పని అని ఆవిడకుగానీ భర్తకుగానీ అంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. మొదటి సూదికి ఇంట్లోవాళ్లను వెంట తెమ్మనేదాన్ని. "వచ్చే ఆరు నెలలు ఈయన కోపం ఈయనది కాదు, మందుది. మాట పడండి, లెక్క పెట్టుకోకండి. కానీ మాట్లాడటం మానేసినా, నిద్ర మానేసినా, చచ్చిపోతే బాగుండునన్నా ఆ గంటలోనే నాకు ఫోన్ చేయండి" అని చెప్పేదాన్ని. సోమవారం పొద్దున నేనే ఫోన్ చేసేదాన్ని. టీచరమ్మకు మానసిక వైద్యుడు మందు మొదలుపెట్టాడు. 48 వారాలూ పూర్తి చేసింది.

అందరూ పూర్తి చేయలేదు. నా పుస్తకాల్లో మధ్యలో తెగిపోయిన వరసలు చాలా ఉన్నాయి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆగినవి, థైరాయిడ్ దెబ్బతిని ఆగినవి, డబ్బుల్లేక ఆగినవి. 2002లో వచ్చిన ఒక పరిశోధన, మందులో నూటికి ఎనభై పాళ్లు, కాలంలో నూటికి ఎనభై పాళ్లు పూర్తి చేసినవాళ్లకే ఎక్కువగా నయమవుతోందని తేల్చింది. ఆ తర్వాత ఆ 'ఎనభై' డాక్టర్ల నోట మంత్రమైంది. మానేసినవాళ్లను బాధ్యతలేనివాళ్లని, మొండివాళ్లని అనడం విన్నాను. అది తప్పు. ఏడాదిపాటు ఫ్లూ జ్వరంతో, సగం రక్తంతో, నిద్ర లేకుండా, ఎకరం అమ్మిన డబ్బుతో బతకమన్నాం. ఆగిపోయినవాళ్లు ఓడిపోయారని నేను ఒప్పుకోను, ఆ మందు అంత బరువైనది.

కొత్తగూడెం పాపది అన్నిటికన్నా కష్టమైన లెక్క. పదహారేళ్లు, తలసీమియా. రక్తనిధుల్లో హెపటైటిస్-సి పరీక్ష తప్పనిసరి కాకముందు ఎక్కించిన రక్తంలో వైరస్ వచ్చింది. అసలే నిలవని ఎర్రకణాలు, వాటిని ఇంకా పగలగొట్టే రిబావిరిన్. మూడు వారాలకోసారి ఎక్కించే రక్తం రెండు వారాలకోసారి అయింది. తొమ్మిదో వారంలో ఆపేశారు. చివరి వరసలో ఆ పిల్ల మాట ఉంది: "నాకు పడలేదు, అంతే కదా ఆంటీ?"

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ మాత్రకు అనుమతి వచ్చింది. వైరస్ తన నకళ్లు తీసుకునే యంత్రాంగాన్నే అడ్డుకునే మందు. మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84,000 డాలర్లు. ఆ అంకె విని మా ఓపీలో ఎవరూ మాట్లాడలేదు. 2014లో గిలియడ్ సంస్థ భారతీయ కంపెనీలకు తయారీ లైసెన్సులిచ్చింది. వాటిలో మన హైదరాబాద్ హెటెరో ఒకటి. 2015 మార్చిలో ఇంకో హైదరాబాద్ కంపెనీ నాట్కో, 28 మాత్రల డబ్బాను 19,900 రూపాయలకు తెచ్చింది. మొదట్లో మూడో రకం వైరస్‌కు ఆ మాత్రతోపాటు 24 వారాలు రిబావిరిన్ కూడా ఇచ్చారు, కాబట్టి రక్తం పడిపోవడం అప్పుడే పోలేదు. డక్లాటస్‌విర్ జత అయ్యాక చాలామందికి అదీ పోయింది. 12 వారాలు, రోజుకు రెండు మాత్రలు, నూటికి తొంభైమందికి పైగా నయం. కాస్త తలనొప్పి, కాస్త నీరసం.

నా మూడో పుస్తకం అక్కడ ఆగిపోతుంది. రాసుకోవడానికి ఏమీ లేకపోయింది. ఇప్పటి నర్సులు అడగాల్సిన ప్రశ్నలు వేరు. పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారా? కొన్ని కొత్త మందులు దాంతో ఒంటికి సరిగా పట్టవు. గుండెకు అమియోడరోన్ వాడుతున్నారా? సోఫోస్‌బువిర్‌తో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. హెపటైటిస్-బి పరీక్ష చేయించారా? అణగి ఉన్న బి వైరస్ ఈ చికిత్సలో తిరిగి లేవవచ్చు.

కొత్తగూడెం పాపకు 2016లో నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. అప్పటికి తనకు ఇరవై ఆరేళ్లు. రానంది. "మళ్లీ ఆ జ్వరం నా వల్ల కాదు ఆంటీ" అంది. మూడుసార్లు చేశాక వచ్చింది. మాత్రలు వాడింది. వాడటం పూర్తయిన మూడు నెలలకు చేసిన పరీక్షలో వైరస్ లేదు.

ఆ ఫోన్ వల్లే ఇదంతా రాస్తున్నాను. పాత సూది మధ్యలో మానేసినవాళ్లు, పూర్తి చేసినా నయం కానివాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఇంకా ఉన్నారు. ఆ జ్వరం గుర్తుకొచ్చి ఆసుపత్రి వైపు చూడనివాళ్లు ఉన్నారు. బాధ లేదు కదా అని వైరస్ ఆగదు, లివర్‌ను గట్టిపరుస్తూనే ఉంటుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్షలూ మాత్రలూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీరుగానీ, మీ ఇంట్లోవాళ్లుగానీ అలా మానేసినవాళ్లయితే, జిల్లా ఆసుపత్రికి వెళ్లి వైరల్ లోడ్ పరీక్ష చేయించుకోండి. పాత కాగితాలు పోయినా పర్వాలేదు. ఇప్పుడు ఆ సూది లేదు.